స్పాంజి ముక్కలో సంగీతం

గిన్నెలు తోమే స్పాంజికీ గిటారుకీ ఏమిటి సంబంధం? ఏమీ లేదనే అనుకుంటాం. కానీ అరవై ఏళ్ల కిందట అమెరికాని ఊపేసిన ఎన్నో పాటల వెనక ఉన్నది అలాంటి ఓ ఫోము ముక్కే. దాన్ని తీగల కింద పెట్టుకుని వాయించిన మనిషి పేరు మాత్రం చాలా ఏళ్లు శ్రోతలకు తెలీదు. ఇప్పుడు కుర్రకారు ఆ ముక్కని ఇంట్లోనే కత్తిరించుకుని మళ్లీ గిటారు ఎక్కిస్తున్నారు. ఆ ముక్క కథే ఇది!

ఆదివారం పొద్దున్నే మా అక్కయ్య ఇంట్లో చిన్న పంచాయతీ. ముందురోజే కొన్న కొత్త స్పాంజి సింకు దగ్గర లేదు. ఇల్లంతా వెతికింది. చివరికి అనుమానం కొడుకు మీదికి పోయింది.

‘ఒరేయ్, స్పాంజి ఎక్కడ పెట్టావురా?’

ఇంజినీరింగ్ రెండో ఏడు చదువుతున్న మా మేనల్లుడు గదిలోంచి మెల్లగా బయటికొచ్చాడు. మెళ్లో బేస్ గిటారు వేలాడుతోంది. దాని తీగల కింద, సరిగ్గా చివరన, పచ్చగా ఇరుక్కుని కనిపించింది స్పాంజి. అదీ సగమే. మిగతా సగం టేబుల్ మీద కత్తెర పక్కన పడి ఉంది.

‘ఇది లేకపోతే కాలేజీ ఫంక్షన్‌లో నన్ను వాయించనివ్వరు మావయ్యా’ అన్నాడు నాతో, వాళ్లమ్మతో చెప్పే ధైర్యం లేక.

విషయం ఏమిటంటే... రెండు వారాలుగా వాళ్ల బ్యాండు రిహార్సల్స్ చేస్తోంది. వీడు తీగ మీటిన ప్రతిసారీ అది గుయ్‌య్‌మంటూ మోగుతూనే ఉంటుందట. ఒక స్వరం ఆగకముందే ఇంకోటి, దాని మీద మరోటి. అన్నీ కలిసి ముద్దయిపోతాయి. ‘జనరేటర్ పక్కన నిలబడి పాడుతున్నట్టుంది’ అని పాడే అమ్మాయి మొహమ్మీదే చెప్పేసింది. వాల్యూమ్ పెంచితే పాట వినపడదు, తగ్గిస్తే వీడు వినపడడు. ఇంకో కుర్రాణ్ని చూసుకుందామన్న మాట కూడా వచ్చింది. అప్పుడు, చర్చి బ్యాండులో పదేళ్లుగా బేస్ వాయిస్తున్న ఓ అన్న చెప్పాడట, ‘తీగల కింద స్పాంజి పెట్టి చూడు తమ్ముడూ’ అని.

వాడు మా ముందే వాయించి చూపించాడు. ముందు స్పాంజి తీసేసి మీటాడు. ఇంట్లో స్టీలు సామాను కూడా సన్నగా గుర్రుమంది. తర్వాత స్పాంజి పెట్టి మీటాడు. ‘డుమ్... డుమ్... డుమ్’. అంతే! మోత లేదు, ముద్ద లేదు. పలకాల్సింది పలికి పక్కకి తప్పుకున్నట్టుంది ప్రతి స్వరమూ.

పది రూపాయల స్పాంజికి ఇంత శక్తి ఉందా? ఆ తీగ పట్టుకుని వెనక్కి వెళితే ఓ పెద్ద కథే దొరికింది.

వినపడదు... లేకపోతే తెలుస్తుంది

ముందు బేస్ గిటారు సంగతి. మామూలు గిటారుకి ఆరు తీగలుంటే దీనికి సాధారణంగా నాలుగే. అవీ లావుగా ఉంటాయి. మెడ పొడుగు. అన్నింటికన్నా లావు తీగ సెకనుకి సుమారు 41 సార్లు కంపిస్తుంది. మనిషి చెవికి అందే ధ్వనుల్లో దాదాపు అట్టడుగు మెట్టు అది. పాటలో మనం గొంతు వింటాం, వేణువు వింటాం, వయొలిన్ వింటాం. బేస్‌ని పట్టించుకోం. కానీ అది ఆగిపోతే పాట కింద నేల జారిపోయినట్టవుతుంది. తబలా జోడీలో ఎడమచేతి డగ్గా ఎలాగో, బ్యాండులో బేస్ అలాగ.

నమ్మకపోతే ఓ పని చేయండి. ఇళయరాజా పాటలు ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని వినండి. ‘గీతాంజలి’ (1989) పాటలైనా సరే. గాయకుణ్ని కాసేపు వదిలేసి, అడుగున నడుస్తున్న లావుపాటి స్వరాన్ని వెంటాడండి. పాట పక్కనే ఇంకో పాట నడుస్తున్నట్టుంటుంది. అదే బేస్.

ఇలాంటి వాద్యానికి ఓ చిక్కుంది. బేస్ వాయించేవాడూ డ్రమ్ములు వాయించేవాడూ ఒకే అడుగు వేసి నడవాలి. డ్రమ్ము దెబ్బ క్షణంలో ముగుస్తుంది. ఉక్కు తీగ అలా కాదు, వదిలేస్తే సెకన్ల తరబడి మోగుతుంది. ఒకడు అడుగు ఎత్తేశాక కూడా ఇంకొకడు కాలు ఈడుస్తున్నట్టుంటుంది. ఆ ఈడ్పుని ఆపడమే ఫోము పని.

కంచం అంచుని తాకితే...

ఇందులో పెద్ద సైన్సేం లేదు. స్టీలు కంచం కింద పడితే ఖంగుమని మోగుతుంది. వెంటనే అంచుని వేలితో తాకితే? టక్కున ఆగిపోతుంది. గుడిలో గంట కొట్టి చేత్తో పట్టుకున్నా అంతే. కంపనంలోని శక్తిని మెత్తటి వేలు పీల్చేసుకుంటుంది.

గిటారు తీగ విషయంలో ఇంకో తమాషా ఉంది. మీటిన తీగ ఒకే రకంగా ఊగదు. మొత్తంగా ఒక ఊపు, రెండు భాగాలుగా ఇంకో ఊపు, మూడు భాగాలుగా మరొకటి... ఇలా అన్ని ఊపులూ ఒకేసారి సాగుతాయి. మొత్తం తీగ ఊపు అసలు స్వరాన్ని ఇస్తుంది. మిగతావి దానికి మెరుపునీ, లోహపు ఖంగునీ ఇస్తాయి. తీగ చివర ఆనుకునే చోటుని బ్రిడ్జి అంటారు. ఫోముని దాని పక్కనే తీగకి ఆనిస్తే పెద్ద ఊపు కాసేపైనా నిలబడుతుంది. సన్నటి ఊపులు మాత్రం ముందే చచ్చిపోతాయి. దాంతో మెరుపు పోయి మొద్దుదనం మిగులుతుంది. మోత పోయి ముద్దర మిగులుతుంది. స్వరం ఏదో మాత్రం స్పష్టంగా తెలుస్తుంది.

అదే ముక్కని తీగ మధ్యకి జరిపితే? స్వరమే ఉండదు, చెక్క మీద కొట్టిన చప్పుడే. అందుకే చోటు ముఖ్యం.

రేడియో మెకానిక్ పెట్టిన మూత

ఈ ఉపాయం ఇవాళ్టిది కాదు. కాలిఫోర్నియాలోని ఫుల్లర్టన్‌లో లియో ఫెండర్ అనే ఆయన రేడియోలు బాగుచేసే షాపు నడిపేవాడు. ఆయనకి గిటారు వాయించడం రాదు. కానీ వాయించేవాళ్ల కష్టాలు బాగా తెలుసు. అప్పట్లో బ్యాండుల్లో బేస్ అంటే మనిషంత ఎత్తుండే డబుల్ బేస్. నిలబడి వాయించాలి. బండిలో పట్టదు. మిగతా వాద్యాల హోరులో వినపడదు. ఆ బాధ తీర్చడానికి ఆయన 1951లో తెచ్చినదే ‘ఫెండర్ ప్రెసిషన్ బేస్’. భుజానికి తగిలించుకుని వాయించే కరెంటు బేస్ గిటారుల్లో జనం చేతుల్లోకి విరివిగా వెళ్లిన మొదటిది ఇదే.

అయితే డబుల్ బేస్‌కి అలవాటుపడిన చెవులకి ఉక్కు తీగల మోత కొత్త. పాత వాద్యం ‘దుమ్’ అని ఆగిపోయేది. ఇది ఆగదు. అందుకే ఫెండర్ బ్రిడ్జి మీద ఓ మెరిసే లోహపు మూత బిగించి, దాని లోపలి వైపు మెత్తటి పట్టీ అంటించాడు. మూత పెట్టగానే ఆ పట్టీ తీగల్ని తాకుతుంది. బయటికి మూత అందం కోసమే అనిపిస్తుంది. అసలు పని లోపలిది! 1960లో వచ్చిన ‘జాజ్ బేస్’కి మొదట్లో ఒక్కో తీగకీ ఒక్కో ఫెల్టు బిళ్ల విడిగా అమర్చారు. రికెన్‌బాకర్ కంపెనీ ఇంకో అడుగు ముందుకేసి, స్క్రూలు తిప్పి ఫోముని పైకీ కిందకీ జరుపుకునే ఏర్పాటు చేసింది.

అంటే మా మేనల్లుడు వంటింట్లోంచి ఎత్తుకెళ్లింది ఒకప్పుడు కంపెనీయే గిటారుతో పాటు ఇచ్చిన సరుకన్నమాట!

పాముల గుంతలో ఓ మహారాజు

ఆ పట్టీని అందరికన్నా గొప్పగా వాడిన మనిషి జేమ్స్ జేమర్సన్. 1936లో సౌత్ కరొలినా రాష్ట్రంలో పుట్టాడు. 1954లో తల్లి దగ్గరికి డెట్రాయిట్ నగరానికి వచ్చాడు. స్కూల్లో డబుల్ బేస్ నేర్చుకున్నాడు.

అదే డెట్రాయిట్‌లో 1959లో బెరీ గోర్డీ అనే యువకుడు ఇంట్లోవాళ్ల దగ్గర 800 డాలర్లు అప్పు తీసుకుని ఓ రికార్డు కంపెనీ పెట్టాడు. అదే తర్వాత ప్రపంచమంతా తెలిసిన మోటౌన్. వెస్ట్ గ్రాండ్ బులవార్డ్‌లో ఓ మామూలు ఇల్లే ఆఫీసూ స్టూడియో. రికార్డింగ్ గది నిండా వైర్లు వేలాడుతుండేవి. దాంతో వాద్యకారులు దానికి ‘పాముల గుంత’ అని పేరు పెట్టుకున్నారు. సుప్రీమ్స్, టెంప్టేషన్స్, స్టీవీ వండర్, మార్విన్ గే... ఒకరా ఇద్దరా, అందరి పాటలూ ఆ గుంతలోంచి వచ్చినవే. గాయకులు మారేవారు. వెనక వాయించే జట్టు మాత్రం దాదాపు ఒకటే. వాళ్లని ‘ఫంక్ బ్రదర్స్’ అనేవారు. అందులో బేస్ జేమర్సన్‌ది.

ఆయన గిటారు 1962 నాటి ప్రెసిషన్ బేస్. ముద్దుపేరు ‘ఫంక్ మెషిన్’. బ్రిడ్జి మూత తియ్యలేదు. లోపలి ఫోమూ తియ్యలేదు. నున్నటి పట్టీ చుట్టిన బరువైన తీగలు వేశాడు. తెగితే తప్ప వాటిని మార్చేవాడు కాదు. తీగకి పట్టిన చెమటా జిడ్డూ కూడా ధ్వనిలో భాగమేనని ఆయన నమ్మకం. కుడిచేతి చూపుడువేలు ఒక్కటే వాడేవాడు. తోటివాళ్లు ఆ వేలికి ‘కొక్కెం’ అని పేరు పెట్టారు.

1964లో వచ్చిన ‘మై గర్ల్’ పాట మొదలయ్యేది ఆ వేలితోనే. బేస్ స్వరాలు నింపాదిగా నడిచొస్తాయి. ప్రతిదీ గుండె కొట్టుకున్నట్టు పలికి ఆగుతుంది. వాటి మధ్య ఖాళీలోకి గిటారు వస్తుంది, తర్వాత గొంతు వస్తుంది. ఆ బేస్ స్వరాలు మోగుతూనే ఉండి ఉంటే మిగతావాళ్లకి చోటెక్కడ?

తర్వాత్తర్వాత జేమర్సన్ వేళ్లు పరుగులు పెట్టాయి. 1966 నాటి ‘యు కాంట్ హర్రీ లవ్’, 1967లో స్టీవీ వండర్ పాడిన ‘ఐ వజ్ మేడ్ టు లవ్ హర్’ వినండి. అన్నన్ని స్వరాలు కుమ్మరించినా గొంతుకి అడ్డురాడు. ఎందుకంటే ప్రతి స్వరమూ పొట్టిదే. పుట్టిన వెంటనే తప్పుకుంటుంది. ఫోము లేకుండా అదే వాయిద్యం వాయిస్తే మా వాడి కాలేజీ రిహార్సల్ అయ్యేది!

అప్పటి శ్రోతల చేతుల్లో ఉన్నవి చిన్న ట్రాన్సిస్టర్లూ కారు రేడియోలూ. మోటౌన్ వాళ్లు పాట బయటికి పంపేముందు చిన్న కారు స్పీకర్లో కూడా పెట్టి వినేవారట. అలాంటి స్పీకర్లో మోత ముద్దవుతుంది. పొట్టి స్వరం మాత్రం నిలబడుతుంది.

తీగల మీద ఫెల్టు పెట్టిన అమ్మ

డెట్రాయిట్‌కి వేల కిలోమీటర్ల దూరంలో, లాస్ ఏంజెలెస్‌లో ఇంకొకావిడ ఇదే పని ఇంకోలా చేసింది. పేరు కెరొల్ కే. 1935లో పుట్టింది. పిల్లల్ని పోషించుకోవడానికి క్లబ్బుల్లోనూ స్టూడియోల్లోనూ గిటారు వాయించేది. 1963లో ఓ రికార్డింగ్‌కి బేస్ వాయించాల్సిన మనిషి రాలేదు. ‘నువ్వు వాయిస్తావా?’ అన్నారు. వాయించింది. ఆ తర్వాత ఆమెని అందరూ పిలిచింది బేస్‌కే! బీచ్ బాయ్స్ ‘పెట్ సౌండ్స్’ (1966) ఆల్బంలో ఆమె బేస్ ఉంది. అలా ఆమె పాల్గొన్న రికార్డింగులు పదివేల దాకా ఉంటాయని అంచనా.

జేమర్సన్‌ది వేలు. ఈమెది ప్లాస్టిక్ మీటు. మీటుతో కొడితే తీగ టిక్కుమంటుంది, ఇంకా పదునుగా పలుకుతుంది. ఆ పదును ఉండాలి, మోత ఉండకూడదు. అందుకని ఫెల్టు గుడ్డ ముక్కని మడిచి, బ్రిడ్జికి కాస్త ముందు, తీగల పైన టేపుతో అంటించేది. తర్వాత రోజుల్లో శిష్యులకి ఫోము ముక్క కూడా సరిపోతుందని చెప్పింది. స్టూడియోకొచ్చే పెద్ద పెద్ద వాద్యకారుల పక్కన గుడ్డముక్క పెట్టుకుని కూర్చోవడానికి ఆవిడేమీ నామోషీ పడలేదు. పని జరగడం ముఖ్యం.

మూత పోయె... ముక్కా పోయె

మరి ఇంత మంచి ఏర్పాటు గిటారుల మీద ఎందుకు మాయమైంది?

వాయించేవాళ్లే తీసేశారు. బ్రిడ్జి మీది మూత చెయ్యికి అడ్డమొస్తోందని విప్పేసి పక్కన పెట్టేవారు. వెల్లకిలా తిప్పితే అది చక్కటి గిన్నెలా ఉండేది. సిగరెట్ నుసి దులుపుకోవడానికి వాడుకున్నారు. ఇప్పటికీ ఆ మూతని గిటారు లోకంలో ‘యాష్‌ట్రే’ అనే పిలుస్తారు! మూతతోపాటే దాని లోపలి పట్టీ కూడా పోయింది.

అసలు కారణం అభిరుచి మారడం. చుట్టూ గరుకు తీగ చుట్టిన కొత్త రకం తీగలు వచ్చాయి. అవి పియానోలా ఖంగుమంటాయి. లారీ గ్రాహమ్ లాంటివాళ్లు బొటనవేలితో తీగని చరిచి వాయించడం మొదలుపెట్టారు. 1976లో జాకో పాస్టోరియస్ తొలి ఆల్బంతో బేస్ గొంతెత్తి పాడటమే నేర్చుకుంది. ‘నన్నూ వినండి’ అని ముందుకొచ్చింది. అందులోనూ అద్భుతమైన సంగీతం ఉంది, కాదనలేం. అదే ఏడాది లియో ఫెండర్ భాగస్వామిగా ఉన్న కంపెనీ తెచ్చిన ‘స్టింగ్‌రే’ బేస్‌లో కూడా ఫోము పట్టీలుండేవి. కానీ కాలం మోత వైపే మొగ్గింది.

జేమర్సన్ మారలేదు. 1972లో మోటౌన్ లాస్ ఏంజెలెస్‌కి తరలిపోయింది. వెనకే ఆయనా వెళ్లాడు. కొత్త నిర్మాతలు కొత్త ధ్వని అడిగారు. తీగలు మార్చమన్నారు. ఆయన పాత తీగలూ పాత ఫోమూ వదల్లేదు. పిలుపులు తగ్గాయి. తాగుడు పెరిగింది. అసలు ఆయన పేరు మోటౌన్ రికార్డు అట్ట మీద పడిందే ఆలస్యంగా, 1971లో మార్విన్ గే ‘వాట్స్ గోయింగ్ ఆన్’ మీద. అప్పటిదాకా కోట్లమంది ఆయన్ని విన్నారు, ఎవరికీ పేరు తెలీదు.

1983 మార్చిలో మోటౌన్ పాతికేళ్ల పండగ జరిగింది. మైకేల్ జాక్సన్ టీవీలో మొదటిసారి మూన్‌వాక్ చేసింది ఆ వేడుకలోనే. ఆ హాల్లో జేమర్సన్ కూడా ఉన్నాడు. వేదిక మీద కాదు! బ్లాకులో టికెట్ కొనుక్కుని ఎక్కడో వెనక వరసలో కూర్చున్నాడని చెబుతారు. ఎవరూ పిలవలేదు, ఎవరూ గుర్తుపట్టలేదు. తర్వాత నాలుగైదు నెలలకే, ఆగస్టు 2న, 47 ఏళ్ల వయసులో కన్నుమూశాడు. దానికి కొన్ని రోజుల ముందే ఆయన ‘ఫంక్ మెషిన్’ దొంగల పాలైంది. మళ్లీ దొరకలేదు. మూతా, ఫోమూ, జిడ్డు పట్టిన తీగలూ అన్నీ దాంతోపాటే పోయాయి.

గుర్తింపు తర్వాత వచ్చింది. 1989లో ఆయన మీద పుస్తకం వచ్చింది. 2000లో రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్ పక్కవాద్యకారుల కోసం కొత్తగా ఓ విభాగం పెట్టి, తొలి విడతలోనే ఆయన్ని చేర్చుకుంది. 2002లో ఫంక్ బ్రదర్స్ మీద ‘స్టాండింగ్ ఇన్ ద షాడోస్ ఆఫ్ మోటౌన్’ డాక్యుమెంటరీ వచ్చింది. ఆ ‘డుమ్’ మీద మోజుపడ్డ కొత్త కుర్రాళ్లు తమ గిటారులు చూసుకుంటే... మూత లేదు, పట్టీ లేదు. అందుకే కత్తెర పట్టుకున్నారు. కారు కడిగే స్పాంజి, పాత సోఫా ఫోము, పార్సిల్ డబ్బాల్లో వచ్చే ఫోము, ఏది దొరికితే అది! ఇప్పుడు రెడీమేడ్ మ్యూట్లు కూడా అమ్ముతున్నారు. కానీ ఇంట్లో కోసుకున్న ముక్కతో పని జరిగిపోతుంటే కొనేదెందుకు?

కెరొల్ కే సంగతి మరోలా జరిగింది. 2025లో అదే హాల్ ఆఫ్ ఫేమ్ ఆమెనీ ఎంపిక చేసింది. తొంభై ఏళ్ల ఆవిడ, తనకొద్దు, రానని చెప్పేసింది. స్టూడియోలో పనంటే ఒక్కరిది కాదు, అందరిదీ అన్నది ఆవిడ మాట.

మన రవ్వ ముద్ద, మన నూలు పోగు

ఇదంతా పాశ్చాత్యుల గొడవ అనుకోకండి. ఇంట్లో సరుకుతో నాదాన్ని దిద్దుకోవడం మనకేం కొత్త కాదు. కచేరీకి ముందు మృదంగ విద్వాంసుడు ఎడమ వైపుకి ఏదో ముద్ద అద్దడం చూసే ఉంటారు. అది తడిపిన బొంబాయి రవ్వే! అది పడితే చర్మం బరువెక్కి నాదం లోతుగా, గంభీరంగా వస్తుంది. కచేరీ అయ్యాక గీకి తీసేస్తారు. మళ్లీ కచేరీకి మళ్లీ కొత్త ముద్ద.

తంబురా మరీ చిత్రం. తీగకీ బ్రిడ్జికీ మధ్య సన్నటి నూలు పోగు పెడతారు. దాన్ని వెంట్రుకవాసి అటూఇటూ జరిపి సరైన చోట నిలిపితే తీగ ఝుమ్మని విచ్చుకుంటుంది. ఆ పోగుని ‘జీవా’ అంటారు. చూశారా! అదే చోట మనవాళ్లు పోగు పెట్టి తీగకి ఆయుష్షు పోశారు. వాళ్లు ఫోము పెట్టి తీగ ఆయుష్షు కోశారు. తంబురా పని శ్రుతిని ఎడతెగకుండా నిలపడం. బేస్ పని తాళంతో అడుగు కలపడం. పనిని బట్టే పోగైనా, ఫోమైనా!

ఇంట్లోనే ఇలా...

మీ ఇంట్లోనూ బేస్ వాయించే అబ్బాయో అమ్మాయో ఉంటే ఈ చిట్కా వాళ్లకి ఇవ్వండి.

కొలత: బ్రిడ్జి దగ్గర నాలుగు తీగల మీదుగా కొలిస్తే సుమారు ఆరు సెంటీమీటర్లుంటుంది. కాబట్టి ఏడెనిమిది సెంటీమీటర్ల పొడుగు, ఒకటిన్నర సెంటీమీటర్ల వెడల్పు ముక్క చాలు. మందం మాత్రం గిటారుని బట్టి ఉంటుంది. తీగకీ చెక్కకీ మధ్య ఖాళీ కొలిచి, దానికన్నా ఒక్క పిసరు ఎక్కువ ఉండేలా కత్తిరించాలి.

చోటు: ముక్కని తీగల కిందికి తోసి, బ్రిడ్జికి ఆనించి పెట్టాలి. తీగని మెత్తగా తాకాలంతే, పైకి ఎత్తకూడదు. ఎత్తితే శ్రుతి తప్పుతుంది. పెట్టాక ట్యూనర్‌తో మరోసారి శ్రుతి చూసుకోవాలి.

పరీక్ష: మీటితే స్వరం తెలియాలి, మోత ఉండకూడదు. స్వరమే తెలియకుండా దబ్ దబ్ అంటుంటే ఫోము ఎక్కువైంది, పలచన చేయాలి. సన్న తీగ ఇంకా మోగుతుంటే ఆ వైపు కాస్త ఎత్తుగా ఉంచాలి. గరుకు ఫోము కన్నా మెత్తటిది నయం. ఒకటికి నాలుగు ముక్కలు కోసి చూసుకోవడమే మార్గం.

జాగ్రత్త: జిగురుతో అంటించొద్దు, పాలిష్ పాడవుతుంది. వాడిన స్పాంజి అసలే వద్దు. తడి ఉంటే తీగలకీ బ్రిడ్జికీ తుప్పు పడుతుంది. విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు గాలి తగిలే ఊళ్లలో మరీనూ. ఫోము పాతబడితే పొడిపొడిగా రాలి జిగట పడుతుంది. అప్పుడప్పుడూ మారుస్తుండాలి.

ఇంకో మాట. దీనివల్ల పక్కింటివాళ్లకి నిద్ర పడుతుందనుకోకండి! ఫోము మోతని పొట్టి చేస్తుందే తప్ప ఆంప్లిఫయర్ హోరు ఆపదు. దానికి హెడ్‌ఫోనే మందు. అలాగే ప్రతి పాటకీ ఫోము నప్పదు. స్వరం సాగాల్సిన నెమ్మది పాటలుంటాయి, తీగ చరిచి వాయించేవీ ఉంటాయి. వాటికి తీసి జేబులో వేసుకోవడమే. తీయడానికి అరనిమిషం పట్టదు, అదే దీని సుఖం.

పాట బాగుందన్నారు

మొన్న కాలేజీ ఫంక్షన్‌కి అక్కయ్యా నేనూ వెళ్లాం. మా వాడు స్టేజీ మీద డ్రమ్ముల పక్కన, సగం చీకట్లో నిలబడ్డాడు. పాట మొదలైంది. అమ్మాయి గొంతు హాలు చివరి దాకా స్పష్టంగా వచ్చింది. కింద ‘డుమ్... డుమ్’ అని ఓ అడుగు దానితోపాటే నడిచింది. కుర్చీల్లో జనం కాళ్లు వాటంతటవే కదిలాయి.

అయిపోయాక అందరూ ఆ అమ్మాయి చుట్టూ మూగారు. మా వాడితో ఒక్కరూ ఒక్క మాట అనలేదు. దార్లో కాస్త డీలాగా కనిపిస్తే, జేమర్సన్ కథ చెప్పాను. వేదిక మీద తన పాటలు మోగుతుంటే వెనక వరసలో ఎవరికీ తెలియకుండా కూర్చున్న మనిషి గురించి విని చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత ఫోన్లో ‘మై గర్ల్’ పెట్టమన్నాడు. మొదటి స్వరాలు వినగానే ఆపి, మళ్లీ మొదట్నుంచి పెట్టాడు. మళ్లీ ఆపాడు.

‘ఆయన పేరు అట్ట మీద లేదా మావయ్యా?’ అన్నాడు.

అప్పటికి లేదన్నాను.

ఇంటికెళ్లాక వాడు గిటారు తుడిచి, స్పాంజి ముక్క తీసి, పొడిగా ఉందో లేదో చూసుకుని, పెన్నులుంచుకునే డబ్బాలో జాగ్రత్తగా పెట్టుకున్నాడు. అక్కయ్య అది చూసి ఏమీ అనలేదు. నెల సరుకుల చీటీ తీసి ‘స్పాంజి’ అన్న మాట పక్కన ‘2’ అని రాసుకుంది.